పన్ను, బండ, ఎండ

పందెం మొదలయ్యే ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది: ఎద్దు నోట్లో పళ్లెన్ని? ఇద్దరు ముక్కుతాడు బిగబట్టుకుంటారు. మూడో మనిషి ఎద్దు కింది పెదవిని బొటనవేలితో లాగి, తల వంచి చూస్తాడు. పైదవడ జోలికి పోడు. ఎద్దుకు పైన ముందు పళ్లే ఉండవు, గట్టిపడిన చిగురు మాత్రమే ఉంటుంది. కింద ఎనిమిది పళ్ల వరస. అన్నీ చిన్నవిగా, సన్నగా ఉంటే పాలపళ్లు. నట్టనడుమ రెండు వెడల్పాటివి దిగి ఉంటే రెండు పళ్ల కోడె. చూసినాయన చేయి తువ్వాలుకు తుడుచుకుని “రెండే” అంటాడు. పోటీకి వచ్చిన ఇంకో జత మనిషి ఊరుకోడు. “పక్కపన్ను కదుల్తాంది, బాగా సూడన్నా” అంటాడు. కమిటీ పెద్దమనిషి వచ్చి మళ్లీ పెదవి తెరుస్తాడు. ఎంత బండ లాగాలి, ఎవరితో తలపడాలి, బహుమతి డబ్బు ఏ ఊరికి పోవాలి అన్నదంతా ఆ ఒక్క పన్ను మీదే ఉంది మరి.

నంద్యాల, ఆళ్లగడ్డ, మహానంది చుట్టుపక్కల ఊళ్లకు బండలాగుడు కొత్త కాదు. సంక్రాంతితో మొదలై శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి మీదుగా ఎండాకాలపు తిరునాళ్ల దాకా ఎక్కడో ఒకచోట బండ కదులుతూనే ఉంటుంది. అసలు ఈ నేల మీద ఎద్దుకున్న మర్యాదే వేరు. నంద్యాల చుట్టూ ఉన్న శివాలయాలను నవనందులంటారు. వాటిలో పేరున్నది నల్లమల పాదాన, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహానంది. అక్కడి లింగం మీద ఆవు గిట్ట గుర్తు పడిందని స్థలపురాణం. బనగానపల్లె దాటి పోతే యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని జనం నమ్మకం. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని నందిగా మలుస్తారు, వాళ్ల పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ శిల్పుల ఊరి చుట్టూనే తిరునాళ్ల రోజున ఎద్దు రాతిని లాగుతుంది.

ఆట చూడ్డానికి తేలిక. చదును చేసిన పొడవాటి బరి. దానికి ఆ చివరా ఈ చివరా గీతలు. మధ్యలో గొలుసు తగిలించిన నలుచదరపు రాతిబండ. కాడి కట్టిన జతకు ఇంత సమయమని ముందే చెబుతారు. ఊరిని బట్టి అది పది నిమిషాలు కావచ్చు, పదిహేను కావచ్చు, ఇరవై కావచ్చు. ఆ చివర దాకా లాగి, తిప్పుకుని, మళ్లీ ఈ చివరకు రావాలి. విజిల్ మోగేసరికి మొత్తం ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగిందో టేపు పట్టి కొలుస్తారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో గెలిచిన జతల వివరాలు అడుగులతో, అంగుళాలతో సహా వస్తాయి. ఎక్కువ దూరం లాగిన జతదే మొదటి బహుమతి.

చూడ్డానికి తేలిక గానీ, న్యాయంగా నడపడం తేలిక కాదు. రెండేళ్ల కోడెనూ ఏడేళ్ల ఎద్దునూ ఒకే బండకు కడితే అది పోటీ అనిపించుకోదు. అందుకే విభాగాలు పుట్టాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్స్, సీనియర్స్. ఈ మధ్య పోస్టర్లలో ‘సబ్ జూనియర్స్’, ‘న్యూ కేటగిరీ’ అన్న మాటలూ కనిపిస్తున్నాయి. కొన్ని ఊళ్లు సేద్యపు ఎద్దులకు వేరే విభాగం పెడతాయి. పందేల కోసమే మేపిన జతలతో, పొద్దున గుంటక తోలి వచ్చిన జతలు తూగలేవు కాబట్టి అది మంచి పనే. విభాగం పెరిగే కొద్దీ బండ బరువూ పెరుగుతుంది. సీనియర్స్ బండ టన్ను దాటుతుంది.

వయసు తేల్చడానికి పన్నునే ఎందుకు పట్టుకున్నారంటే, ఎద్దుకు పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఉన్నా ఎవరూ నమ్మరు. పన్ను అబద్ధమాడదు. మన దేశవాళీ జాతుల్లో సుమారు రెండు, రెండున్నరేళ్లకు నడిమి పాలపళ్లు రెండూ ఊడి పెద్దపళ్లు వస్తాయి. ఆ తర్వాత ఇంచుమించు ఏడాదికో జత లెక్కన, ఐదేళ్ల ప్రాయానికి ఎనిమిదీ మారతాయి. మేపు, జాతి, ఆరోగ్యాన్ని బట్టి కొన్ని నెలలు అటూఇటూ అవుతుంది. అసలు తకరారు అక్కడే. పన్ను ఆలస్యంగా మారే కోడె, తనకంటే చిన్నవాటితో నిక్షేపంగా పోటీ పడుతుంది. తొందరగా మారిన కోడెకు ముందుగానే బరువు బండ రాసిపెట్టి ఉంటుంది. జతలో ఏ ఒక్కదానికి పన్ను పెరిగినా జత మొత్తం పై విభాగానికి పోవాల్సిందే. అందుకే యజమానులు పందెం సీజనులో ఎద్దు నోటిని రోజూ చూసుకుంటారు. శివరాత్రికి రెండు పళ్లలో గెలిచిన జత, ఉగాదికి నాలుగు పళ్లలో చిట్టచివరన నిలవడం ఈ ఆటలో వింతేమీ కాదు.

సముద్రాల అవతల కార్లతో ఆడే ఆట ఒకటి ఇదే చిక్కును వేరే దారిలో విప్పుకుంది. అమెరికాలో 1951లో పుట్టిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, డ్రాగ్ రేసింగ్‌ను నడిపే పెద్ద సంస్థ. తిన్నటి బాట మీద పావు మైలు, అంటే 1,320 అడుగులు, రెండు కార్లు పక్కపక్కన దూసుకుపోతాయి. అందులో స్టాక్, సూపర్ స్టాక్ అనే తరగతి పోటీలున్నాయి. కారు బరువును దాని ఇంజిను బలంతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి ఏ కారు ఏ తరగతో తేలుతుంది. ప్రతి తరగతికీ ఇన్ని సెకన్లని ఒక గడువు రాసి ఉంటుంది. ఆ గడువు కంటే ఎంత తక్కువ సమయంలో బాట దాటిందన్న దాన్ని బట్టే అర్హత వరస కడతారు. మనవాళ్లు పెదవి తెరిచి చూసినట్టే అక్కడ బానెట్ తెరిచి చూస్తారు. తరగతికి మించిన భాగం ఏదైనా దొరికితే కారు ఇంటికే.

వాళ్లకు వాతావరణం పెద్ద శత్రువు. ఇంజిను గాలి పీల్చి బలం తెచ్చుకుంటుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, ఎండ ముదిరే కొద్దీ పలచబడుతుంది. అదే కారు పొద్దున పరిగెత్తినంత చురుగ్గా మధ్యాహ్నం పరిగెత్తదు. ఎత్తు ప్రదేశాల సంగతీ అంతే. కొలరాడోలో సుమారు 5,800 అడుగుల ఎత్తున ఉండి, 2023 సీజనుతో మూతపడిన బాండిమేర్ బాట మీద కార్లు నీరసపడేవి. అందుకని ఎత్తైన బాటలకు గడువు సడలించే లెక్కలు నిబంధనల్లోనే రాసుకున్నారు. ఏ రోజుకారోజు మారే ఎండకు మాత్రం అలాంటి సడలింపు లేదు. అయినా అర్హత కోసం ఒకటికి మించి పరుగులు దొరుకుతాయి. ఒకసారి మండుటెండలో పడ్డవాడికి ఇంకోసారి చల్లటి పూట చిక్కవచ్చు.

బండలాగుడులో ఆ రెండో పరుగు లేదు. జతకు ఒక్కటే అవకాశం. ఆ అవకాశం ఏ పూట వస్తుందో చీటీ చెబుతుంది.

ఆ చీటీ విలువ తెలియాలంటే ముందు బండ సంగతి తెలియాలి. చక్రం లేని రాయి మట్టి మీద జరగాలంటే రాపిడిని గెలవాలి. ఎండు నేల మీద రాపిడి బండ బరువులో దాదాపు సగం ఉంటుందనుకుందాం. అలా చూస్తే టన్ను బండకు అరటన్ను లాగుడు కావాలి. నాగలి దున్నేటప్పుడు ఎద్దు గంటల తరబడి పెట్టగలిగే బలం దాని శరీర బరువులో పదో వంతు, కొంచెం అటూఇటూ. రెండూ కలిసి 1,200 కిలోలు తూగే జత సేద్యంలో 120 కిలోల లాగుడు పెడుతుంటే, బరిలో దానికి నాలుగింతలు పెట్టాలి. పావుగంటలో మూడు వేల అడుగులు లాగిందంటే ఆ జత చేసిన పని ఆరు హార్స్ పవర్‌కు పైమాటే. పొలంలో బోరుకు బిగించే ఐదు హెచ్‌పీ మోటారుకు మించిన బలమన్నమాట. అదీ కండతో.

బండ కదిలేటప్పటి దృశ్యం చూసి తీరాలి. ఆగి ఉన్న రాతిని కదిలించడం, కదిలే రాతిని లాగడం కంటే కష్టం. తోలేవాడు అరవగానే రెండు ఎద్దులూ ఒకేసారి ముందు మోకాళ్లు వంచుతాయి. మూపురాల మీది కాడి ఒక్క క్షణం వెనక్కి జరిగి బిగుసుకుంటుంది. గొలుసు టంగుమంటుంది. వెనక గిట్టలు నేలలోకి దిగుతాయి, మట్టి పెళ్లలు లేస్తాయి. బండ ముందు అంచు వెంట్రుకవాసి పైకి లేచినట్టు కనిపించి జారుతుంది. రెండింటిలో ఒకటి అర క్షణం ఆలస్యంగా బలం పెట్టిందో, కాడి ఓరగా తిరిగి బండ పక్కకు ఒరుగుతుంది, పదడుగులు పోయినట్టే. అందుకే ఆరితేరినవాళ్లు జత కట్టేటప్పుడు పొడుగూ బలం కంటే ముందు రెండింటి అడుగూ కలిసిందా లేదా అని చూస్తారు. కదిలిన బండను మలుపు దాకా ఆగనివ్వకుండా తోలడంలోనే సగం పందెం ఉంది.

ఇప్పుడు దీని మీదికి వాతావరణాన్ని తెచ్చిపెట్టండి. నంద్యాల సీమ నల్లరేగడి నేల. ఎండితే ఇనుము, తడిస్తే బంక. చిన్న జల్లు పడినా గిట్టకు శేరు మట్టి అంటుకుంటుంది, బండ కింద మట్టి ముద్దకట్టి ముందుకు పోనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివాన లేచిందంటే పోటీ ఆగడమే. అందుకని చాలాచోట్ల బరిలో ఎర్రమట్టి, గరుసు తోలి చదును చేస్తారు. దుమ్ము అణగడానికి ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు. ఆ నీళ్ల దగ్గరే ఇంకో తకరారు. చల్లిన వెంటనే దిగిన జతకు గిట్ట పట్టు దొరుకుతుంది. గంట తర్వాత దిగిన జతకు పొడి దుమ్ము మీద గిట్ట జారుతుంది. పది జతలు లాగాక బండ రాసుకుపోయిన దారి నున్నగా తేలుతుంది. కొలత ఒక్కటే, సమయం ఒక్కటే, బండ ఒక్కటే. నేల మాత్రం ప్రతి జతకూ వేరు.

నేల కంటే పెద్దది ఎండ. ఒక విభాగంలో పది జతలున్నాయనుకుందాం. జతకు పదిహేను నిమిషాలు, కట్టడానికీ విప్పడానికీ కొలతకూ ఇంకో పది. మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మొదటి చీటీ వచ్చిన జత చల్లగాలిలో లాగుతుంది, పదో చీటీ జత పన్నెండు కావస్తుండగా నడినెత్తి మీద సూర్యుడితో లాగుతుంది. శివరాత్రి నాటికి ఈ తేడా ఓర్చుకోదగ్గదే. ఉగాది దాటితే కాదు. రాష్ట్రంలో ఎండలు ముందుగా ముదిరే చోట్లలో నంద్యాల ఒకటి. ఏప్రిల్, మేలలో 44, 45 డిగ్రీలు ఇక్కడి జనానికి మామూలే.

బండలాగుడులో ఎక్కువగా కనిపించే ఒంగోలు జాతికి ఎండను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. తెల్లటి బొచ్చు ఎండను తిప్పికొడుతుంది. వేలాడే గంగడోలు, వదులైన చర్మం ఒంటి వేడిని బయటికి పంపుతాయి. చెమట గ్రంథులు సీమ ఆవుల కంటే ఎక్కువ. ఈ గుణం చూసే బ్రెజిల్‌వాళ్లు ఈ జాతిని ఓడలెక్కించుకుపోయారు. 1960లలో ఒంగోలు దగ్గరి కరవది పేరున్న ఆబోతు అక్కడికి చేరింది. నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అని పిలిచే ఈ జాతి సంతతే ఇవాళ బ్రెజిల్ పశుసంపదలో పెద్ద భాగం. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా నిలిచిన ‘వీర’ కూడా ఒంగోలు గిత్తే.

అయితే ఎండలో మేయడం వేరు, ఎండలో బండ లాగడం వేరు. కండ ఖర్చుపెట్టే శక్తిలో పావు వంతే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. ఆరు హార్స్ పవర్ పని చేసిన జత ఒంట్లో దానికి మూడింతల వేడి పుడుతుంది. ఎద్దు మామూలు ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే వేడిగా ఉంటే ఆ వేడి గాలిలోకి పోదు, చెమట ఆరితేనే చల్లబడాలి. గాలిలో తడి ఎక్కువుంటే చెమటా ఆరదు. నోరు తెరిచి, నాలుక చాపి, నురగ కారుస్తూ ఎగశ్వాస తీసే ఎద్దు అలిసిపోయిందని కాదు, ఉడికిపోతోందని అర్థం. పందెం తెలిసినవాళ్లకు ఇది తెలియక కాదు. ఉలవలు, పత్తిగింజలు, పచ్చిమేత పెట్టి, పొద్దున్నే నడిపించి, కాలువలో ఈదించి నెలల తరబడి తయారుచేసిన జత పోటీకి నాలుగు రోజుల ముందు నుంచీ నీడపట్టునే ఉంటుంది. తీరా బరిలో చీటీ ఎండలోకి తోస్తుంది.

ఈ విషయంలో చట్టం ఏమంటోంది? జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. దాని కింద 1965లో బండి లాగే, బరువు మోసే పశువుల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా ఐదు గంటలు దాటరాదు. 37 డిగ్రీలు మించిన ఎండ ఉన్నచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టనే కట్టరాదు. ఇసుక బండి లాగే ఎద్దును దృష్టిలో పెట్టుకుని రాసిన మాటలివి. చక్రం లేని బండ సంగతి వాటిలో లేదు. పొట్టకూటికి బండి లాగే ఎద్దుకు మధ్యాహ్నం నీడ దక్కాలని 1965లోనే అనుకున్నవాళ్లం, పండగపూట అరటన్ను లాగుడు పెట్టే ఎద్దుకు ఆ నీడ అక్కర్లేదనలేం.

కోర్టుల కథ వేరే ఉంది. 2011 జులై 11న కేంద్ర పర్యావరణ శాఖ ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడు సవరణలనూ సమర్థించింది. ఆ మూడింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఇక్కడ పోస్టర్లు ఎక్కువగా ‘బల ప్రదర్శన’ అంటాయి. చర్నాకోల దెబ్బలు, తోక మెలిపెట్టడం, ముల్లుకర్ర పోట్ల గురించి జంతు సంక్షేమ సంఘాలు చెప్పే అభ్యంతరాల్లో నిజముంది. అవి మచ్చుకైనా కనబడని పోటీలు అరుదు. మరోపక్క ట్రాక్టరు వచ్చాక సేద్యంలో ఎద్దుకు పని పోయింది. లక్షలు పోసి మేలైన ఒంగోలు జతను సాకే రైతుకు ఈ బరి తప్ప ఇంకో కారణం మిగల్లేదన్నదీ కొట్టిపారేయలేం. రెండు వైపులా నిజమున్నప్పుడు ఆటను రద్దు చేయడం కంటే నియమాలను గట్టిపరచడమే అందరికీ పనికొచ్చే దారి.

ఆ పనికి కొత్త కనిపెట్టుడు ఏదీ అక్కర్లేదు. పాలపళ్లు, రెండు పళ్ల పోటీలు తెల్లవారుజామున పెట్టి ఎనిమిది, తొమ్మిదికల్లా ముగించవచ్చు. పెద్ద విభాగాలను సాయంత్రం ఐదు తర్వాత దింపవచ్చు. ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి దాకా నడిపే ఊళ్లు ఇప్పటికే ఉన్నాయి, జనమూ అప్పుడే ఎక్కువ వస్తారు. జతలు మరీ ఎక్కువైతే విభాగాన్ని రెండు పూటలకు విడగొట్టి, రెండు పూటల్లోనూ మెరుగైనవాటికి చివరిగా ఒకే వేళలో ఇంకో లాగుడు పెట్టవచ్చు. డ్రాగ్ రేసింగ్‌లోని రెండో పరుగు లాంటిదే ఇది. ప్రతి జత తర్వాత బరిని ఒకే రకంగా గోరి, ఒకే లెక్కన నీళ్లు చల్లాలి. ఇదంతా కలిపినా ఒక పూట ట్యాంకరు ఖర్చు, ఇద్దరు మనుషుల కూలి.

నిపుణులూ దూరంలో లేరు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పశు పరిశోధన స్థానం మహానందిలోనే ఉంది. వ్యవసాయ కళాశాలా అక్కడే ఉంది. రోజువారీ ఎండ, గాలి తడి నమోదు చేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాలలో ఉంది. కమిటీ పెద్దలు ఒక్క ఫోను చేస్తే ఆ రోజు ఉష్ణోగ్రత తెలుస్తుంది. బరి పక్కన పశువైద్యుడితో పాటు ఒక థర్మామీటరు, పళ్లు చూసే మనిషి చేతిలో ఒక రిజిస్టరు ఉంటే సగం గొడవలు పుట్టవు.

వచ్చే శివరాత్రికి పోస్టరు అచ్చు వేయించే కమిటీలు మొదటి బహుమతి ఎంత, దాత ఎవరు, ముఖ్య అతిథి ఎవరు అని ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తాయో, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండ కదలదన్న మాటను కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలి. ఆ మాట లేని పోస్టరు కనబడితే, ప్రవేశ రుసుము కట్టే ముందు ఎందుకు లేదని ఎద్దుల యజమానులే అడగాలి.